పడవల పుస్తకాలు, పుట్టి విద్య

నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిపై మిర్యాలగూడకు ఉత్తరాన ఉన్న వేములపల్లి పేరు వినగానే నాగార్జునసాగర్ ఎడమ కాలువ, దాని కింద పండే వరి పొలాలు, చుట్టుపక్కల బియ్యం మిల్లులు గుర్తుకు వస్తాయే గాని పడవలు గుర్తుకు రావు. ఆ రహదారే దక్షిణానికి సాగి, దామరచర్ల దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీదుగా పల్నాడులోకి ప్రవేశిస్తుంది. హైదరాబాదు మీదుగా వచ్చే మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. ఆ సంగమం దగ్గరి వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157 కిలోమీటర్ల కృష్ణను 2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు కాబట్టి, కాగితం మీద చూస్తే ఇది సముద్రం దాకా నీటి దారి ఉన్న ప్రాంతమే. నది ఉంది, రిజర్వాయరు ఉంది, చేపల వేట మీద బతికే కుటుంబాలున్నాయి, పుట్టి అనే గుండ్రని వెదురు బుట్ట పడవను నడిపే చేతులున్నాయి; అయితే పుట్టి ఎలా అల్లుతారో, లాంచీ ఎంత బరువు మోయగలదో, గాలి లేచినప్పుడు ఏ ఒడ్డుకు చేరుకోవాలో తెలుగులో చదివి తెలుసుకోదలచిన వారికి దొరికే పుస్తకాలు మాత్రం బహు తక్కువ. పడవల గురించి తెలుగువారు రాయలేదని చెప్పడం పొరపాటవుతుంది. రాసినదాంట్లో ఎక్కువ భాగం ఒకే కోవకు చెందినదని చెప్పడం సబబు.

నీటి మీది జీవితంపై ప్రపంచంలో వెలువడిన పుస్తకాల్లో కొన్ని ప్రయాణాన్ని చెబుతాయి, కొన్ని పడవ మీద బతికే మనుషులను చెబుతాయి, మరికొన్ని పనిని నేర్పుతాయి. ఈ పని నేర్పే పుస్తకాలకు సాహిత్య చరిత్రల్లో చోటు దక్కదు గాని, ఓడ మీద వాటికి ఉన్న విలువ మరే పుస్తకానికీ ఉండదు. అమెరికాకు చెందిన నథానియల్ బౌడిచ్, అప్పటికి నావికులు వాడుతున్న గణిత పట్టికల్లోని వేల తప్పులను దిద్ది, 1802లో ‘అమెరికన్ ప్రాక్టికల్ నావిగేటర్’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. సూర్యచంద్రుల ఎత్తును కొలిచి నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టే పద్ధతిని చదువు అంతగా లేని నావికుడికి కూడా అర్థమయ్యేలా చెప్పిన ఆ పుస్తకాన్ని అమెరికా ప్రభుత్వం ఎప్పటికప్పుడు సవరించి ఈనాటికీ ప్రచురిస్తూనే ఉంది. 1944లో వచ్చిన క్లిఫర్డ్ ఆష్లీ గ్రంథం తాడు ముళ్ల కోసమే పుట్టింది. ఎంత లాగినా బిగుసుకుపోకుండా, పని అయ్యాక తేలిగ్గా విడిపోయే ఉచ్చు ఏదో, తడిసినప్పుడు జారిపోయే ముడి ఏదో బొమ్మలతో చూపిన ఆ గ్రంథంలో 3,800కు పైగా పద్దులున్నాయి.

ప్రయాణ గ్రంథాల్లో జాషువా స్లోకమ్ రాసిన పుస్తకాన్ని అన్నిటికన్నా ముందు చెప్పుకోవాలి. 1895లో బోస్టన్ నుంచి ‘స్ప్రే’ అనే చిన్న తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి 1898లో తిరిగి వచ్చిన ఈ నావికుడు, ప్రపంచాన్ని ఒంటరిగా పడవలో చుట్టిన మొదటి మనిషిగా పేరు పొందాడు. 1900లో వచ్చిన ఆ పుస్తకం సముద్ర సాహసంతో మొదలుకాదు. పొలంలో పాడుబడి ఉన్న పాత పడవను ఓక్ చెక్కతో తిరిగి కట్టుకోవడానికి పదమూడు నెలల శ్రమ, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చు అయ్యాయన్న లెక్కతో మొదలవుతుంది. పడవ కట్టే పని, నడిపే పని, దాని మీద బతికే పని ఒకే రచయిత చేతిలో కలిసినందువల్లనే ఆ పుస్తకం వందేళ్లు దాటినా పాతబడలేదు.

నది పడవల విషయంలో మార్క్ ట్వేన్ 1883లో ప్రచురించిన ‘లైఫ్ ఆన్ ది మిసిసిపి’ తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరగా ఉంటుంది. రచయిత కాకముందు ట్వేన్ ఆవిరి పడవల మీద పైలట్ శిక్షణ పొంది 1859లో లైసెన్సు తీసుకున్నాడు. పైలట్ అంటే నది లోతుపాతులెరిగి పడవను దారిలో పెట్టే మనిషి. నీటి పైకి కనిపించే సన్నని ముడత కింద ఇసుక మేట ఉందో, మునిగిన చెట్టు ఉందో, గాలి వల్ల పుట్టిన అలే ఉందో తేల్చడం ఆ విద్యలోని కీలకమని, వేలాది మలుపులను చీకట్లో సైతం గుర్తుపట్టేలా కంఠస్థం చేయాలని, వరద వచ్చి పోయినప్పుడల్లా నేర్చినదాన్ని మరిచి కొత్తగా నేర్వాలని ఆయన రాస్తాడు. కృష్ణ, గోదావరుల మీద లాంచీ నడిపే సరంగు చేసే పని కూడా అక్షరాలా ఇదే. సరంగు అంటే లాంచీకి పెద్ద. చుక్కాని పట్టడం, కళాసీల, అంటే పడవ మీది పనివాళ్ల, చేత పని చేయించడం, రేవు పట్టించడం ఆయన బాధ్యత. మిసిసిపి సరంగుకు ట్వేన్ దొరికాడు. కృష్ణా సరంగుకు అటువంటి రచయిత ఇంకా దొరకలేదు.

తన పుట్టుకకు తెలుగు తీరం కొంత కారణమైన పని పుస్తకం ఒకటి ఉందనే సంగతి చాలామందికి తెలియదు. గోదావరి ఒక పాయ సముద్రంలో కలిసే చోట, యానాం సమీపంలోని కోరంగి, ఒకప్పుడు ఓడలు కట్టడానికి, మరమ్మతు చేయడానికి పేరుపడ్డ రేవు. బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. 1789 డిసెంబరులో వచ్చిన తుపానుకు సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీదికి వచ్చిపడింది. 1839 నవంబరులో మరో తుపాను మిగిలినదాన్ని కూడా తుడిచిపెట్టింది. కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెను, బంగాళాఖాతంలో తుపానుల్లో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, ఏ గంటకు ఏ ఓడ దగ్గర గాలి ఎటు వీచిందో పటం మీద గుర్తించి, వరుసగా పరిశోధన పత్రాలు ప్రకటించాడు. వాటిలో 1839 నాటి కోరంగి తుపాను మీద రాసినది కూడా ఉంది. ఈ శ్రమంతా 1848లో ‘సెయిలర్స్ హార్న్ బుక్’ అనే పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు లోకమంతా వాడుతున్న ‘సైక్లోన్’ అనే మాటను పిడింగ్టన్ ఆ పుస్తకంలోనే ప్రవేశపెట్టాడు.

ఆ పుస్తకంతోపాటు, పారదర్శకంగా గీరిన కొమ్ము రేకుల మీద గాలి వలయాలు గీసిన రెండు పలకలు ఇచ్చేవారు, ఒకటి ఉత్తరార్ధగోళానికి, మరొకటి దక్షిణార్ధగోళానికి. కెప్టెను చేయవలసిన పని సులువైనదే. సముద్ర పటం మీద తన ఓడ ఉన్న చోట ఆ పలకను పెట్టి, తన దగ్గర వీస్తున్న గాలి దిశ పలక మీది బాణంతో కలిసే వరకు జరిపితే, పలక మధ్యబిందువు ఎక్కడ పడిందో సుమారుగా తుపాను కేంద్రం అక్కడ ఉన్నట్టు లెక్క. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది గనుక, గాలికి ఎదురుగా నిలబడిన మనిషికి కేంద్రం కుడి చేతి వైపు, కొంచెం వెనకగా ఉంటుంది. కోరంగి రేవులో ఈశాన్యపు గాలి వీస్తుంటే తుపాను ఆగ్నేయంగా బంగాళాఖాతంలో ఉందన్నమాట. ఆ గాలి క్రమంగా తూర్పుకు, ఆ తరువాత ఆగ్నేయానికి తిరిగితే, తుపాను రేవుకు దక్షిణంగా తీరం దాటుతోందని, గాలి సముద్రాన్ని నేరుగా ఒడ్డు మీదికి నెడుతున్నందున ఉప్పెన భయం ఎక్కువని గ్రహించాలి. ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే తుపాను రేవుకు ఉత్తరంగా పోతోందని అర్థం. రేడియో, ఉపగ్రహం లేని కాలంలో ఒక కొమ్ము రేకు, గాలి దిశ చూసే కన్ను, ఈ రెండూ ఓడను కాపాడే ముఖ్య సాధనాలు. అంత కష్టపడి సంపాదించిన ఈ జ్ఞానం తుపాను బారిన పడిన ఊళ్లవారి భాషలోకి రాకుండా, కలకత్తా నుంచి లండన్‌కు పోయే ఓడల గదుల్లోనే ఉండిపోవడం విచారకరం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనపై నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ దీర్ఘకావ్యం తెలుగులో నిలిచిపోయింది. శవాల దిబ్బల మధ్య నుంచి పుట్టిన ఆగ్రహం అందులో ఉంది. దాని పక్కన పెట్టదగిన, గాలి తిరుగుడును పల్లెవారికి విడమరిచి చెప్పే తెలుగు పుస్తకం మాత్రం అంత పేరుతో నిలవలేదు.

ప్రాచీన కాలానికి వెళ్తే సామగ్రికి కొదవ లేదు, గాని అది పుస్తకాల్లో కన్న రాతి మీద, లోహం మీద ఎక్కువగా ఉంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేర దొరికిన సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. కృష్ణా ముఖద్వారానికి దగ్గరలోని ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనం శివకుడనే మహానావికుడిని, అంటే ఓడలు నడిపించే పెద్దను, పేర్కొంటుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనానికి ఈ వరుసలో ప్రత్యేక స్థానం ఇవ్వాలి. తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఒప్పుకొని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని దేశదేశాల వర్తకులకు ఆ రాజు మాట ఇచ్చాడు. సముద్ర వ్యాపార చట్టమనదగిన రచన తెలుగు నేలపై అంత స్పష్టంగా ముందుగా కనిపించేది అక్కడే.

ఓడ నిర్మాణంపై సంస్కృతంలో చెప్పుకోదగినది భోజుడి పేర ప్రచారంలో ఉన్న ‘యుక్తికల్పతరువు’. 1912లో రాధాకుముద్ ముఖర్జీ భారత నౌకాచరిత్రపై రాసిన గ్రంథం ద్వారా దీనికి ఆధునిక కాలంలో ప్రచారం వచ్చింది. నదుల్లో తిరిగే సామాన్య నౌకలు, సముద్రానికి పనికివచ్చే విశేష నౌకలు అని విభజించి, పొడుగు, వెడల్పు, ఎత్తుల నిష్పత్తులను బట్టి ఒక్కొక్కదానికి పేరు పెట్టిన ఆ గ్రంథం కలపకు సైతం వర్ణాలు కట్టి, క్షత్రియ జాతి కలపే ఓడకు మేలని నిర్ణయిస్తుంది. సముద్రంలో అయస్కాంత శిలలు లాగుతాయి గనుక పలకలను ఇనుముతో బిగించరాదని హెచ్చరిస్తుంది. చెప్పిన కారణం ఊహే గాని, ఇనుప మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టే పద్ధతి తూర్పు తీరంలో నిజంగా ఉన్నదే. మసూలా అనే కుట్టు పడవ అలల దెబ్బకు విరగకుండా ఒళ్లు వంచి నిలిచేది. రేవు కట్టడానికి ముందు మద్రాసులో దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చినవి ఈ పడవలే. శాస్త్రకారుడు పనివాడి చేతిని చూసి రాశాడో, విన్న మాటను రాశాడో తేల్చడం కష్టం. భారతీయ శాస్త్ర గ్రంథాల్లో ఈ సందిగ్ధం పడవలకే పరిమితం కాదు.

వాడపల్లి, మఠంపల్లి, సాగర్ జలాశయం తీరాల్లో తిరిగే పుట్టి దగ్గరికి వస్తే చిత్రమైన సంగతి బయటపడుతుంది. ప్రపంచంలో ఇంతమంది రాసిన పడవ మరొకటి ఉందా అనిపించేంతగా దాని గురించి రాశారు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, బాబిలోనుకు సరుకు తెచ్చే గుండ్రని తోలు పడవలను వర్ణిస్తూ, ప్రతి పడవలో ఒక గాడిదను కూడా ఎక్కిస్తారని, సరుకు అమ్ముడుపోయాక కర్ర చట్రాన్ని అక్కడే అమ్మేసి తోలును గాడిద మీద వేసుకుని కాలినడకన వెనక్కి పోతారని రాశాడు; ప్రవాహానికి ఎదురు ఆ పడవలు పోలేవు మరి. 16వ శతాబ్దిలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర మీద మనుషులనే గాక గుర్రాలను, ఎద్దులను సైతం దాటించే బుట్ట పడవలను వర్ణించాడు. తరువాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా పేరొందిన ఆర్థర్ వెల్లెస్లీ 1803 నాటి మరాఠా యుద్ధంలో నదులు దాటడానికి బుట్ట పడవలు సిద్ధం చేయించాలని రాసిన ఆదేశాలు అతని లేఖల సంపుటాల్లో ఉన్నాయి. మద్రాసు రాజధానిలో చేపల శాఖ సంచాలకుడిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల ఆకృతులపై ప్రకటించిన పరిశోధనలో, 1946 నాటి ‘వాటర్ ట్రాన్స్‌పోర్ట్’ గ్రంథంలో దక్షిణాది పుట్టిని బాబిలోను పడవతో, వేల్స్ నదుల మీది కోరకిల్‌తో పోల్చి చూశాడు. గ్రీకు, పోర్చుగీసు, ఇంగ్లీషు భాషల్లో పుట్టి ఉంది. పుట్టి వేసే గంగపుత్రులు, ముదిరాజులు, బతుకుతెరువు కోసం ఉత్తరాంధ్ర నుంచి సాగర్, శ్రీశైలం జలాశయాలకు వలస వచ్చిన వాడబలిజలు మాట్లాడే తెలుగులో మాత్రం అది నోటి మాటగానే మిగిలింది.

పుట్టి కట్టడం చూడడానికి తేలికగా కనిపిస్తుంది గాని, అందులో ప్రతి దశకూ కారణం ఉంది. పచ్చి వెదురును చీల్చి బద్దలు తీసి, నేల మీద మధ్య నుంచి మొదలుపెట్టి కన్నులు కన్నులుగా అల్లుకుంటూ పోయి, అడుగు భాగం కావలసిన వెడల్పుకు వచ్చాక లేవకుండా మధ్యలో రాళ్లు పెట్టి, మిగిలిన బద్దలను పైకి వంచి గోడ కడతారు. పచ్చి బద్ద కాకపోతే ఆ వంపులో విరుగుతుంది. అంచు చుట్టూ బద్దల కట్టను తాడుతో గట్టిగా బిగిస్తారు. పుట్టి ఆకారాన్ని నిలబెట్టేది, ఎక్కి దిగేటప్పుడు మనిషి బరువును కాచేది ఆ అంచే. పూర్వం దీనికి పశువుల తోలు తొడిగేవారు, ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ పట్టానో, తారు పూసిన గుడ్డనో తొడుగుతున్నారు. తోలు పడవను వాడిన తరువాత ఎండబెట్టకపోతే కుళ్లిపోయేది. ప్లాస్టిక్కుకు కుళ్లు భయం లేదు గాని, రాయి గీసుకుంటే చిరుగుతుంది. అడుగు చదునుగా ఉండడం వల్ల జానెడు నీటిలోనూ తేలుతుంది, రాతి గుండ్ల మధ్య కృష్ణ చీలి పారే చోట్ల కొయ్య పడవకు దారి లేకపోయినా పుట్టికి ఉంటుంది, పని అయ్యాక ఒక మనిషి దాన్ని గొడుగులా బోర్లించి వీపున వేసుకుని ఇంటికి పోగలడు.

నడపడం మాత్రం తేలిక కాదు. ముందు, వెనక లేని పడవ కాబట్టి కొత్తవాడు తెడ్డు వేస్తే అది ముందుకు పోదు, ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ఆరితేరినవాడు పోవలసిన వైపు అంచు దగ్గర కూర్చుని, తెడ్డును ముందుకు చాపి నీటిని తన వైపు లాక్కుంటూ, ప్రతి లాగుడు చివర తెడ్డును కొద్దిగా తిప్పి ఆ గిరగిరను అప్పటికప్పుడే సరిచేస్తూ పోతాడు. వల తీసేటప్పుడు ఒక చేత్తో తెడ్డు, మరో చేత్తో వల, రెండు మోకాళ్లతో బరువును సమంగా నిలపడం అన్నీ ఒకేసారి జరగాలి. ఈ పనిని మాటల్లో పెట్టడం కష్టమన్నది నిజమే గాని, ఆష్లీ ముడులను బొమ్మల్లో పెట్టగలిగినప్పుడు తెడ్డు తిప్పడాన్ని పెట్టలేకపోవడానికి కారణం కనిపించదు.

పడవ మీద బతికే మనుషుల గురించి తెలుగులో చక్కని రచనలు రావడానికి కాలువలే కారణం. ఆర్థర్ కాటన్ చొరవతో ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య, బెజవాడ ఆనకట్ట 1852–55 మధ్య పూర్తయ్యాక, సాగునీటి కాలువలే ప్రయాణపు కాలువలు కూడా అయ్యాయి. రైళ్ల కన్నా కాలువలే ఈ దేశానికి చవక అని కాటన్ గట్టిగా వాదించాడు. కాకినాడ నుంచి ఏలూరు, విజయవాడ, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు దాకా సరుకు పడవలు పోయేవి. కాలువ మట్టం మారే చోట లాకులుండేవి. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న రాతి గది. కింది నుంచి వచ్చిన పడవ గదిలోకి ప్రవేశించగానే వెనక తలుపు మూసి, పై తలుపులోని తూముల ద్వారా నీరు వదిలితే, గది నిండేకొద్దీ పడవ పైకి లేచి, పై కాలువ మట్టానికి వచ్చాక ముందు తలుపు తెరుచుకుంటుంది. అందుకు పట్టే సమయంలో పడవల వాళ్లు వంట చేసుకునేవారు, కబుర్లు మారేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడ వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ మోకుతో పడవను లాగేవారు.

పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘పడవ ప్రయాణం’ కథ ఈ నేపథ్యంలోనే పుట్టింది. ‘గాలివాన’ కథకు 1952 నాటి ప్రపంచ కథానికల పోటీలో బహుమతి వచ్చినందువల్ల ఆ పేరే ఎక్కువగా వినబడుతుంది గాని, పడవ మీది రాత్రిని, ఆ రాత్రి రంగి, పద్దాలుల మధ్య ఉన్న వింత అనుబంధాన్ని చూపిన ‘పడవ ప్రయాణం’ నీటి జీవితాన్ని తెలిసినవాడి కథ. చదువుకున్న ప్రయాణికుడి కంటికి తప్పుగా కనిపించే బతుకు, ఆ పడవ మీద మరో కొలతతో కొలవవలసి వస్తుంది. బి.వి.ఎస్. రామారావు ‘గోదావరి కథలు’ కూడా రేవుల, లంకల, పడవవాళ్ల లోకాన్ని అక్షరాల్లోకి తెచ్చాయి. ఇంకా వెనక్కి పోతే, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిన యాత్రను రోజువారీగా రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. పల్లకి మీద, కాలినడకన సాగిన ఆ యాత్రలో గంగ మీది పడవ ప్రయాణం కూడా భాగమే. ఎక్కడ నది దాటాలి, ఏ రేవులో ఏం దొరుకుతుంది అని తరువాతి యాత్రికుడికి పనికివచ్చేలా రాసిన ఆ రచయిత చూపు, కథకుల చూపు కన్నా పని పుస్తకానికే దగ్గర.

తెలుగువారు సముద్రంపై చేసిన ప్రయాణాల్లో ఇటీవల పేరొందినది ‘నావికా సాగర పరిక్రమ’. గోవాలో కట్టిన ‘తారిణి’ అనే సుమారు 17 మీటర్ల తెరచాప నావలో, వర్తికా జోషి నాయకత్వాన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల తరువాత 2018 మే 21న తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. వారు ప్రపంచం చుట్టిన దారిలో, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌ను దాటడం నావికులకు గొప్ప పరీక్ష. అడ్డు లేకుండా వచ్చే పడమటి గాలులు అక్కడ కొండలంత అలలను లేపుతాయి. ఈ యాత్రకు దారి వేసిన దిలీప్ దోందే 2009–10లో ఒంటరిగా ప్రపంచం చుట్టిన తొలి భారతీయుడు, తన అనుభవాన్ని ఇంగ్లీషులో ‘ది ఫస్ట్ ఇండియన్’ పేరిట పుస్తకంగా రాశాడు. 1968–69లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి మనిషి రాబిన్ నాక్స్–జాన్‌స్టన్ నడిపిన ‘సుహైలీ’ బొంబాయిలో టేకు చెక్కతో కట్టిన పడవ అన్న సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. తారిణి మీద నెలల తరబడి మంచినీరు ఎలా పొదుపు చేశారో, చుక్కాని మొరాయించినప్పుడు ఏం చేశారో తెలుగు అమ్మాయి ఎవరైనా తెలుగులో రాస్తే, అది హుస్సేన్‌సాగర్‌లో చిన్న నావలతో శిక్షణ పొందుతున్న పిల్లలకు పాఠ్యపుస్తకమే అవుతుంది.

పని పుస్తకం లేకపోవడం అందచందాలకు సంబంధించిన లోటు కాదని 2019 సెప్టెంబరు 15న గోదావరి చూపింది. పాపికొండల విహారానికి బయలుదేరిన పర్యాటక పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద నీటిలో తిరగబడి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. బాగా లోతున, సుడి నీటి కింద ఇసుకలో కూరుకుపోయిన ఆ పడవను బయటికి తీయడం శిక్షణ పొందిన బృందాలకు కూడా దుస్సాధ్యమయ్యింది. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, ఇనుప తాళ్లు, లంగర్లు నదిలోకి దింపి, నీటి అడుగున పడవను కొక్కేలకు తగిలించుకుని లాగుతూ, ప్రయత్నం మీద ప్రయత్నం చేసి, అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది. తాడు ఎంత వదలాలి, లంగరు దేనికి తగిలిందో తాడు అదురును బట్టి ఎలా పోల్చుకోవాలి, ఎప్పుడు లాగాలి, ఎప్పుడు ఆగాలి అనే ఆ విద్య ఏ కళాశాలలోనూ బోధించేది కాదు, తీరంలో తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చినది.

పడవ ఎందుకు తిరగబడుతుందో చెప్పడానికి పెద్ద గణితం అవసరం లేదు. నీటి మట్టానికి, పడవ అంచుకు మధ్య ఉండే ఎత్తును ఫ్రీబోర్డు అంటారు. బరువు పెరిగేకొద్దీ అది తగ్గి, చిన్న అలకే నీరు లోపలికి వస్తుంది. మనుషులు పై అంతస్తులోకి చేరేకొద్దీ పడవ మొత్తం బరువు కేంద్రీకరించే బిందువు, అంటే గురుత్వ కేంద్రం, పైకి జరుగుతుంది. అప్పుడు పడవ ఒక పక్కకు ఒరిగితే తనంతట తానే నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. ఏదో చూడడానికి అందరూ ఒకే పక్కకు పరుగెత్తిన క్షణమే ప్రమాద క్షణం. లోపల చేరిన నీరు కూడా ఒరిగిన వైపుకే పరుగెత్తి ఒరుగును పెంచుతుంది గనుక, పడవ అడుగున నిలిచిన నీటిని ఎప్పటికప్పుడు తోడెయ్యడం శుభ్రత కోసం చేసే పని కాదు. 1917 నాటి ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త చట్టం పడవల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హత, ప్రాణరక్షక సాధనాల గురించి నిబంధనలు చెబుతుంది. చట్టం తనిఖీ అధికారికి పనికివస్తుంది. కళాసీకి, పుట్టి ఎక్కే కూలీకి కావలసింది బొమ్మలున్న చిన్న పుస్తకం.

అటువంటి పుస్తకం కృష్ణ మీద రాయాలంటే పాత జ్ఞానం ఒక్కటే చాలదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ నదిని సముద్రం వంటి జలాశయంగా మార్చింది. కొండల మధ్య నుంచి ఉన్నట్టుండి దిగే గాలికి అక్కడ లేచే అలలు నది అలల వంటివి కావు, నాగార్జునకొండకు లాంచీలు నడిపే సరంగులకు ఆ తేడా బాగా తెలుసు. ఆనకట్ట కింద పరిస్థితి వేరు. విద్యుత్తు ఉత్పత్తికి, వరదకు నీరు వదిలినప్పుడల్లా మట్టం గంటల్లో మారిపోతుంది, ఉదయం నడిచి దాటిన రాతి బండ సాయంత్రానికి నీటి కింద దాగిన గండం అవుతుంది. అక్కడి నుంచి సుమారు 115 కిలోమీటర్ల దిగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు ఒకప్పటి రేవులను, మడుగులను, బల్లకట్టు దారులను వెనక నీటి కిందికి తీసుకుపోయింది. బల్లకట్టు అంటే పడవల మీద బల్లలు పరిచి కట్టిన వేదిక. వంతెనలు రాకముందు మట్టపల్లి వంటి చోట్ల భక్తులను, బండ్లను, లారీలను సైతం ఒడ్డు నుంచి ఒడ్డుకు చేర్చింది అదే. పాత రేవు పేర్లు తెలిసిన తరం ఉన్నప్పుడే, ఏ మడుగు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు దాని మీద ఎంత నీరుందో పటంలో గుర్తించుకోవలసి ఉంది.

ఇందుకు తెలుగులో ఒక నమూనా ఇప్పటికే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం కోసం పరిశోధకులు జిల్లా జిల్లాకు వెళ్లి, నాగలి భాగాలేమిటో, మోటకు ఏ ఊళ్లో ఏ పేరుందో రైతుల నోటి నుంచి విని రాసుకున్నారు. అదే పద్ధతిలో వజీరాబాద్ నుంచి ముక్త్యాల దాకా రేవు రేవునా పుట్టి భాగాలను, వలల రకాలను, గాలుల పేర్లను, సుడుల గుర్తులను సేకరించి, ప్రతిదాని పక్కన బొమ్మ వేయించి, పని జరిగే వరుసలో అమర్చితే పుస్తకంలో సగం పూర్తయినట్టే. మిగతా సగానికి నీటిపారుదల శాఖ ఇంజనీర్ల దగ్గరి లోతు కొలతలు, మత్స్య సహకార సంఘాల పెద్దల అనుభవం కావాలి. వాడపల్లిలో, మట్టపల్లిలో ఈ పని మొదలుపెట్టడానికి అనువైన కాలం నది తగ్గి, పాత రాళ్లు బయటపడే వేసవి; వానాకాలంలో పుట్టివాళ్లకు తీరిక ఉండదు, నదికి అసలే ఉండదు.